ఎత్తులు నడిచిన దారి

చదరంగపు పోటీలో ఆటగాడు తన ఎత్తులనూ ప్రత్యర్థి ఎత్తులనూ ఒక కాగితం మీద రాసుకోవాలన్నది నియమం. ఆ కాగితం పైభాగాన ఆటగాళ్ల పేర్లు, తేదీ, ఊరు, ఎన్నో బల్ల అని గళ్లు ఉంటాయి. కింద ఎత్తులు, అడుగున ఫలితం, సంతకాలు. ఆట చరిత్రగా మనకు మిగిలేవి చాలావరకు ఈ కాగితాలే. ఆ మనిషి ఆ ఊరికి ఎలా చేరాడు, రాత్రి నిద్రపోయాడా లేదా, తిరుగు ప్రయాణానికి జేబులో డబ్బులున్నాయా అన్నవాటికి మాత్రం అందులో గడి లేదు. కూలి లేని ఆటలో, అంటే సొంత ఖర్చుతో సెలవురోజున పొరుగూరు వెళ్లి ఆడివచ్చే క్లబ్బు ఆటలో, సగం కథ ఆ లేని గడిలోనే ఉంటుంది. ఆ సగాన్ని దక్షిణదేశానికి సంబంధించినంతవరకు కొంత పూరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన ప్రాంతంలో రెండు ఊళ్ల మధ్య జరిగిన పోటీలలో ఆధారం దొరుకుతున్న పాత పోటీ ఒకటి చెన్నపట్నానికీ హైదరాబాదుకూ మధ్య 1828, 1829 సంవత్సరాలలో జరిగింది. ఉత్తరాల ద్వారా రెండు ఆటలు ఆడారు. రెండూ చెన్నపట్నమే గెలిచింది. 1829లో చెన్నపట్నంలోనే ఈ ఆటలను పుస్తకంగా అచ్చువేశారు. చెన్నపట్నం పక్షానికి ముఖ్య నిర్దేశకుడు గులాం ఖాసిం అనీ, ఆయనతో కలిసి వ్యాఖ్యానించినది మద్రాసు సివిల్ సర్వీసులోని జేమ్స్ కోక్రేన్ అనీ ఆ పుస్తకం శీర్షికే చెబుతుంది. దొరలు పాలించే పట్నంలో ఆటకు పెద్ద ఒక దేశీయుడని అచ్చుపుస్తకం ముఖపత్రం మీద ఒప్పుకోవడం ఆ రోజులలో చిన్న విషయం కాదు. రాజు పక్క శకటు ముందరి బంటును బలిపెట్టి ఆడే ఒక ప్రారంభానికి ఈనాటికీ ప్రపంచమంతటా గులాం ఖాసిం పేరే ఉంది. హైదరాబాదు పక్షాన ఆడినవారి పేర్లు మాత్రం ఆ శీర్షికలో లేవు. ఓడినవారి పేర్లు శీర్షికలకు ఎక్కవు కదా.

ఇది వారికే తోచిన ఊహ కాకపోవచ్చు. సరిగ్గా ఆ కాలంలోనే, 1824 నుంచి 1828 వరకు, ఎడింబరో, లండను క్లబ్బులు ఉత్తరాల మీద ఐదు ఆటలు ఆడాయి, ఎడింబరో నెగ్గింది. 'స్కాచ్ ఆట' అనే ప్రారంభానికి ఆ పేరు అక్కడినుంచే వచ్చింది. అయితే అక్కడ ఉత్తరాన్ని మోసింది గుర్రపుబండి. ఇక్కడ మోసింది మనిషి.

ఆ మనిషి గురించి కొంచెం ఆగి చెప్పాలి. రైలు రాకముందు మన తపాలా అంచెల మీద నడిచేది. కొన్ని మైళ్లకు ఒక అంచె. ఒక అంచెలో సంచి అందుకున్నవాడు తరువాతి అంచెదాకా పరుగెత్తి మరొకరికి అప్పగించేవాడు. 'అంచెలంచెలుగా' అని మనమీనాడు వాడే మాటలో ఉన్నది ఆ అంచే. చేతిలో గజ్జెలు కట్టిన ఈటె, రాత్రివేళ తోడుగా దివిటీ పట్టేవాడు. జంతుభయం, దొంగల భయం, వాగుల భయం. చెన్నపట్నం నుంచి హైదరాబాదుకు ఆరువందల కిలోమీటర్లకు పైమాటే. ఏ దారిన పోయినా పెన్న దాటాలి, కృష్ణ దాటాలి. వంతెనలు లేవు. వానాకాలంలో కృష్ణ పొంగితే పుట్టి వేసేవాడు రానంటాడు. సంచి ఈ ఒడ్డున, బదులు కోసం ఎదురుచూసేవారు ఆ ఒడ్డుకు అవతల ఎక్కడో. పైగా 1854లో దేశమంతటికీ ఒకే తపాలా బిళ్ల ధర వచ్చేదాకా బరువును బట్టి, దూరాన్ని బట్టి ఉత్తరానికి రుసుము చెల్లించాలి. ఇంత శ్రమా, ఇంత ఖర్చూ దేనికి? 'నా గుర్రాన్ని ఫలానా గడిలో పెట్టాను' అని ఒక్క వాక్యం చెప్పడానికి.

చదరంగంలో అన్నిటికన్నా చిన్నది బంటు. తపాలా మోసినవాడినీ కచేరీలలో బంట్రోతనే అన్నారు. రెండు ఆటలలోని ప్రతి ఎత్తూ పుస్తకంలో భద్రంగా ఉంది. ఆ ఎత్తును భుజాన వేసుకుని తెలుగు నేలను అడ్డంగా దాటించినవాడి పేరు ఒక్కటీ లేదు.

ఆ దారి ఎలాంటిదో తెలుసుకోవాలంటే మనకు సాక్షి ఉన్నాడు, అదీ తెలుగు సాక్షి. ఆటలు ముగిసిన మరుసటి ఏడు, 1830 మే 18న, చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రకు బయలుదేరాడు. చెన్నపట్నంలో స్థిరపడిన తెలుగువారిలో ఆయన పేరెన్నికగన్నవాడని ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా ఆయన హైదరాబాదు చేరి, అక్కడినుంచి ఉత్తరానికి సాగాడు. ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ సామాను దొరకదు, ఎక్కడ దారి రాళ్లమయం అని మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపుతూ వచ్చాడు. శ్రీనివాసపిళ్ల వాటిని 1838లో 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో ప్రకటించాడు. వీరాస్వామయ్యకు పల్లకీ ఉంది, బోయీలున్నారు, పరివారం ఉంది. అయినా దారి బాధ ఆ పుస్తకం పొడుగునా వినిపిస్తుంది. సంచి తప్ప మరేమీ లేనివాడి బాధ ఎంతో మీరే ఊహించండి. తెలుగు శాఖ విద్యార్థి ఆ పుస్తకాన్ని యాత్రాసాహిత్యంగా చదువుతాడు. చదరంగ చరిత్ర రాసేవాడు దానిని తెరవనే తెరవడు. నా మటుకు నేను ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలంటాను.

ఉత్తరపు ఆటలో మరో చిక్కు భాషది. ఈనాటిలాగా గడికి అక్షరం, అంకె పెట్టి రాసే పద్ధతి అప్పట్లో ఇక్కడ వాడుకలో లేదు. ఎత్తును మాటలలో చెప్పాలి. మాటలలో చెబితే పేచీ ఎక్కడ వస్తుందో చెన్నైలో పెరిగిన తెలుగు పిల్లలకు బాగా తెలుసు. ఇంట్లో తాతగారు రాజు పక్కన ఉండే పెద్దబలాన్ని మంత్రి అంటారు. వీధిలో అరవ స్నేహితుడు దానిని రాణి అని, మనం శకటు అనేదానిని మంత్రి అనీ అంటాడు. 'మంత్రితో కొట్టాను' అని ఉత్తరం రాస్తే ఏది కొట్టినట్టు? పంపిన ఎత్తు పంపినట్టే, వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు కాబట్టి ఒక్క మాట పొరబడితే ఆటే పోతుంది.

1874లో వాడి నుంచి హైదరాబాదుకు రైలు వచ్చింది. అటుపైన క్రమంగా ఉత్తరం బదులు మనిషే వెళ్లడం వీలయింది. మధ్యకాలాన్ని ఇక్కడ వదిలేసి నేరుగా 1955కు వస్తున్నాను. అఖిలభారత చదరంగ సమాఖ్య 1951లో మద్రాసులో ఏర్పడింది. ఆ తరువాత మొట్టమొదటి జాతీయ పోటీ ఎక్కడ జరిగింది? ఢిల్లీ కాదు, బొంబాయి కాదు, కలకత్తా కాదు. 1955లో ఏలూరులో. ఆంధ్ర రాష్ట్ర చదరంగ సంఘం దానిని నిర్వహించింది. మద్రాసు నుంచి విడిపోయి రెండేళ్లయిన రాష్ట్రం, రాజధాని కర్నూలులో, విశాలాంధ్ర ఇంకా రాలేదు. అలాంటి రోజులలో పశ్చిమగోదావరి జిల్లా కేంద్రం ఒకటి దేశం మొత్తాన్నీ ఆటకు పిలిచింది. మరాఠీ ఆటగాడు రామచంద్ర సప్రే, తెలుగువాడు డి. వెంకయ్య సమానంగా నిలిచి మొదటి స్థానం పంచుకున్నారు. మద్రాసు, హౌరా ప్రధాన మార్గం మీద ఉండటం ఏలూరుకు కలిసొచ్చి ఉంటుందని నా అభిప్రాయం. బండి దిగితే చాలు, ఊరిలో ఉన్నట్టే. అయినా ఆనాటి బండ్లలో పశ్చిమ తీరం నుంచి తూర్పు తీరానికి రావడమంటే రోజుల పని. ఆట మీద బతికేవారెవరూ ఆనాడు మనదేశంలో దాదాపుగా లేరు. ఎవరి ఉద్యోగానికి వారు సెలవు పెట్టుకుని రావలసిందే.

ఆనాటి క్లబ్బు పోటీల నియమాలు కూడా ప్రయాణాన్ని బట్టే ఏర్పడ్డాయని ఒక్కోసారి అనిపిస్తుంది. గడియారాలు నిర్ణీత సమయానికి మొదలుపెట్టేస్తారు. ఎదుటివాడు రాకపోతే అతని గడియారం తిరుగుతూనే ఉంటుంది. గంటలోగా రాకపోతే ఓడినట్టు లెక్క. 2009లో అంతర్జాతీయ సమాఖ్య ఆ గంటను కూడా తీసేసి, నిర్వాహకులు వేరే గడువు చెబితే తప్ప ఆలస్యం అంటే ఓటమే అని మార్చింది. రైళ్ల సంగతి తెలిసినవారెవరూ ఆ మార్పు చేసి ఉండరు. ఇక ఆట ఆనాటికి తెమలకపోతే, ఆడబోయే ఎత్తును కవరులో మూసిపెట్టి మర్నాడు కొనసాగించడం పెద్ద పోటీల పద్ధతి. కంప్యూటర్లు వచ్చాక 1990లలో అది పోయింది. పొరుగూరి జట్టు ఆఖరి బండికి వెళ్లిపోవాలంటే మర్నాటి మాటెక్కడ? అప్పుడు తెలిసిన పెద్దమనిషి ఒకరు బల్ల చూసి ఇది గెలుపు, ఇది సమం అని తీర్పు చెప్పేవారు. బలాబలాలు సరే, ఆయన మనసు కూడా ఆ తీర్పులో ఉండేది.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పుకోవడానికి అనుమతి కోరుతున్నాను. మాది తరాలుగా బరంపురంలో ఉన్న కుటుంబం. 1980ల మధ్యలో, నేను కాలేజీలో ఉండగా, మా నలుగురి జట్టు ఒక ఆదివారం విజయనగరంలో ఆడటానికి బయలుదేరింది. రెండువందల కిలోమీటర్లకు కొంచెం పైన, ప్యాసింజరు బండి, కూర్చోవడానికి చోటుంటే అదృష్టం. జట్టుకు పెద్ద ఒక బడి పంతులుగారు, మేమంతా మాస్టారూ అనేవాళ్లం. రెండో బల్ల ఆడేది ఒక బ్యాంకు గుమాస్తా. మూడోది నేను. నాలుగోది కిరాణా కొట్టువారి అబ్బాయి. పోటీకి కావలసిన నాలుగు గడియారాలలో రెండు వారివి, రెండు మావి. మావి రెండూ గుమాస్తాగారి సంచిలో ఉన్నాయి.

పలాసలో బండి చాలాసేపు ఆగింది. ముందు ఎక్కడో గూడ్సు నిలిచిపోయిందన్నారు. ఆ భరోసాతో గుమాస్తాగారు మంచినీళ్లు పట్టుకొస్తానని కూజాతో దిగారు. భుజాన సంచి, అందులో గడియారాలు. ఆయన కుళాయి దగ్గర ఉండగానే బండి కదిలింది. మేం కేకలు వేశాం. ఆయన కూజాతోనే కొంతదూరం పరుగెత్తి ఆగిపోయారు.

పదిగంటల ఆటకు మేం ముగ్గురం పదీ యాభైకి చేరాం. క్లబ్బు పెద్దాయన, తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరైనవారు, గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"ముందు మొహాలు కడుక్కోండి బాబూ. గడియారం ఆపమంటే రూలు ఒప్పదు. టీ మాత్రం బల్ల దగ్గరికే తెప్పిస్తాను."

మొదటి రెండు బల్లల మీద గడియారాలు టిక్కుటిక్కుమంటున్నాయి. మూడు, నాలుగు బల్లలకు గడియారాలే లేవు. పెద్దాయన రెండింటి మధ్య కుర్చీ వేసుకుని, తన చేతి గడియారం విప్పి ముందు పెట్టుకుని, ఒక్కొక్క ఎత్తుకు పట్టిన నిమిషాలు లెక్కల పుస్తకంలో రాయడం మొదలుపెట్టారు. నాలుగు గంటలపాటు రాశారు. మధ్యలో భోజనానికి కూడా లేవలేదు. ఆయన ఆటగాడిగా రాలేదు, ఆయనకు ఆ రోజు బల్లే లేదు.

పదకొండుకు గుమాస్తాగారి ఆట పోయింది. పన్నెండున్నరకు ఆయన లారీలో వచ్చి దిగారు. చొక్కా నిండా దుమ్ము, చేతిలో ఖాళీ కూజా. తన ఆట పోయి ఉంటుందని ఆయనకు పలాసలోనే తెలుసు. అక్కడినుంచి వెనక్కి బరంపురం వెళ్లడమే తేలిక. ఎందుకొచ్చారని మాస్టారు అడిగితే, "గడియారాలు నా దగ్గరున్నాయి కదండీ మాస్టారూ" అన్నారు. అప్పటికి గడియారాల అవసరం తీరిపోయింది. ఆయన సంచి కింద పెట్టి, నా వెనక నిలబడి సాయంత్రందాకా ఆట చూశారు.

మొదటి బల్ల మీద మాస్టారు ఓడిపోయారు. నాలుగో బల్ల కుర్రవాడు గెలిచాడు. నా ఆట తేలలేదు, బండి వేళయింది. నాకు ఒక బంటు ఎక్కువ. గెలుపు ఇస్తారనే ఆశతో పెద్దాయన మొహంకేసి చూశాను. ఆయన చాలాసేపు బల్ల చూసి "సమం" అన్నారు. మా జట్టు ఒకటిన్నరకు రెండున్నరగా ఓడింది. తిరుగు బండిలో ఇచ్ఛాపురందాకా నేను ఆయనను తిట్టుకుంటూనే ఉన్నాను, సొంత క్లబ్బు పక్షం చూపారని. ఈ మధ్య పాత కాగితాలు సర్దుతుంటే ఆ ఆట దొరికింది. చివరి స్థితిని కంప్యూటరుకు ఇచ్చి చూశాను. అది నేను ఓడే ఆట. నా ఎక్కువ బంటు ఎందుకూ పనికిరాదు, వారి గుర్రం నాలుగు ఎత్తులలో నా ఏనుగును పట్టేస్తుంది. పెద్దాయనకు అది కనబడలేదా, కనబడీ రాత్రంతా నిలబడి వచ్చిన కుర్రవాడి మీద దయతలచారా? అడుగుదామంటే ఆయన ఇప్పుడు లేరు.

ఈ కథ చిన్న ఊళ్లదే అనుకోవద్దు. మాన్యుయల్ ఆరన్ 1972లో మద్రాసులోని సోవియట్ సాంస్కృతిక కేంద్రంలో ప్రారంభించిన తాల్ క్లబ్బులో విశ్వనాథన్ ఆనంద్ ఎదిగాడు. తరువాత అదే పట్నం దేశానికి చదరంగ రాజధాని అయింది. అయినా గ్రాండ్‌మాస్టరు కావడానికి 2500 రేటింగుతో పాటు మూడు నార్ములు సాధించాలి, వాటికి సాధారణంగా వేరువేరు దేశాలవారితో తలపడాలి. కాబట్టి పిల్లవాడు పెద్ద ఆటగాడు కాకముందే పెద్ద ప్రయాణికుడు కావాలి. ఆ దశలో అతడికి జీతం లేదు, బహుమతి లేదు. టికెట్టు ఇంటివారిదే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ల ఒక నెల ఇరవై ఏడు రోజుల వయసులో గ్రాండ్‌మాస్టరయింది. ఆ వెనుక ఉద్యోగం వదులుకుని గురువుగా మారిన తండ్రి అశోక్ ఉన్నారు.

చెన్నైలోని తెలుగు కుటుంబంలో 2006లో పుట్టిన దొమ్మరాజు గుకేశ్ కథలో ఈ లెక్క మరీ స్పష్టంగా కనిపిస్తుంది. తండ్రి రజనీకాంత్ చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యులు. కొడుకు వెంట పోటీలకు తిరగడానికి 2017, 2018 ప్రాంతాల వైద్యం ఆపేశారు. ఇల్లు తల్లి పద్మగారి సంపాదన మీద నడిచింది. చాలని చోట తల్లిదండ్రుల స్నేహితులు సాయం చేశారని గుకేశే తరువాత చెప్పాడు. 2019 జనవరి 15న ఢిల్లీలో అతడు పన్నెండేళ్ల ఏడు నెలల పదిహేడు రోజుల వయసులో గ్రాండ్‌మాస్టరయ్యాడు. ప్రపంచంలో అందరికన్నా చిన్నవాడనే పేరు సరిగ్గా పదిహేడు రోజులలో తప్పిపోయింది. ఆ రోజులను పత్రికలు ఆట లెక్కలోనే చూశాయి. ఇంకొక్క పోటీకి ఇంకొంచెం ముందు వెళ్లగలిగి ఉంటే అని ఆ ఇంట్లో ఎన్నిసార్లు అనుకున్నారో మనకేం తెలుసు? 2024 డిసెంబరు 12న సింగపూరులో డింగ్ లిరెన్‌ను ఏడున్నరకు ఆరున్నరగా ఓడించి అతడు ప్రపంచ విజేత అయ్యాడు. ఆ పోటీకి అతడిని సిద్ధం చేసిన జట్టులో గుంటూరువాడైన పెంటేల హరికృష్ణ కూడా ఉన్నాడు.

నా విజయనగరం కాగితం వెనకవైపు మాస్టారి చేతిరాతతో ఆ రోజు ఖర్చు ఉంది. టికెట్లు నలుగురికి, ఇడ్లీ ముగ్గురికి, లారీ ఒకరికి, కూజా మూతకు అర్ధరూపాయి. ముందువైపు నా ఎత్తులు నలభై ఒకటి. చెన్నై, హోసూరు, బళ్లారి, బరంపురం, యానాం ప్రాంతాలలో మీ ఇళ్లలో పెద్దల నాటి ఇలాంటి కాగితాలు, క్లబ్బు లెక్కల పుస్తకాలు, పందేల ఉత్తరాలు ఉండవచ్చు. నకలు తీసి ఈ పత్రికకు పంపేవారు దయచేసి రెండు వైపులా తీయించండి.